లూప్‌లైన్ రాజుగారి మేడ

2022వ సంవత్సరం, ఆగస్టు నెల. కరోనా తర్వాత దుర్గా పూజ మళ్ళీ నిండుగా చేసుకుందామని ఖరగ్‌పూర్‌లో వీధి వీధికీ కమిటీలు లేచి కూర్చున్న ఏడు. ఆ రోజు ఝపటాపూర్‌లో నా కొట్టు ముందు మూడు కమిటీల స్కూటర్లు బారుగా నిలబడి ఉన్నాయి. అందరికీ నేనే కావాలి. (స్కూటర్లు మూడు ఉన్న మాట నిజం. అందులో ఒకటి పక్క మందుల షాపు వాడిది, ఇంకొకటి నాదే. వచ్చిన కమిటీ ఒక్కటే.)

నా వృత్తి రాజుల మేడలు కట్టడం. పాలరాతి మేడలు, ఎర్రరాతి కోటలు, బురుజులు, దర్బారు హాళ్ళు ఎన్ని కట్టానో నాకే గుర్తులేదు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు. ఎందుకంటే ఇక్కడ నన్ను డెకరేటర్ అంటారు. డెకరేటర్ అంటే ఆంధ్రాలో మన బంధువులు అనుకుంటున్నట్టు పూలదండలు కట్టేవాడు కాదు. వెదురు గెడలు, గుడ్డ, టార్పాలిన్లు, కుర్చీలు, గుండిగలు సొంతానికి ఉంచుకుని, పెళ్ళికో పూజకో పందిరి వేసి, పని అయ్యాక విప్పుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. బెంగాల్‌లో పూజ పందిరి అంటే నాలుగు రాటలూ తాటాకులూ కాదు. ప్రతి కమిటీ ఒక థీమ్ పెట్టుకుంటుంది. థీమ్ అంటే, ఆ ఏడు అమ్మవారు ఎలాంటి చోట కొలువుంటారో ఊరికి చూపించే ఊహ. ఒక ఏడు గుహ, ఒక ఏడు ఓడ, ఎక్కువసార్లు ఏదో ఒక రాజుగారి కోట.

మా నాన్న టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాకూ అక్కడ ఉద్యోగం వచ్చిందనీ, కళ మీద మక్కువతో వదులుకున్నాననీ నా మనవలకు చెప్పాను. వదులుకోలేదు. రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు కాబట్టి, రాకపోవడం కూడా ఒక ప్రతిభే అనుకుంటాను.

ఆ వచ్చిన ఒక్క స్కూటరూ నిమ్‌పురా కమిటీది. దాని మీద సెక్రటరీ ఈశ్వరరావు, వెనక పార్వతి. ఈశ్వరరావు రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగి, అందుకని ఎవరింటికి వెళ్ళినా ముందు అనుమానంగా చూస్తాడు. పార్వతి ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడుతుంది. యాభై దాటిన మనిషి. మంచాన ఉన్న తండ్రిని చూసుకుంటుంది.

"మావా, మలంచా పేట వోళ్ళు ఈపాలి రాజస్థాన్ కోట కడతన్నారట. మనం దాని తాతని కట్టాల," అన్నాడు ఈశ్వరరావు.

"ఏ కోట కావాలో బొమ్మ తెచ్చినావా?"

"బొమ్మ నేదు. ఆ కోట ఎవుడూ సూడనేదు. గున్నయ్య తాత సెప్పిన కోట."

గున్నయ్య గారు పార్వతి తండ్రి. గూడ్సు బళ్ళకు గార్డుగా చేసి రిటైరయ్యాడు. నిమ్‌పురా యార్డు పక్క క్వార్టర్లలో పెరిగిన పిల్లలందరికీ ఆయన తాతే. డ్యూటీ లేని సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒక రాజ్యం కథ చెప్పేవాడు. మెయిలు బండికి దారి ఇవ్వడానికి గూడ్సును పక్కన నిలబెట్టే పట్టాలను లూప్‌లైన్ అంటారు. గూడ్సు గార్డు జీవితంలో సగం అక్కడే గడిచిపోతుంది. బండి అలా నిలబడిపోయినప్పుడు బ్రేక్ వ్యాన్, అంటే చివరనుండే గార్డు పెట్టె, దిగి పొలం గట్టు మీద కొంచెం నడిస్తే ఒక రాజ్యం వస్తుందట. సిగ్నల్ పడేదాకానే అది ఉంటుంది. సిగ్నల్ పడగానే రాజుగారే స్వయంగా, "పరుగెత్తవయ్యా గున్నయ్యా, నీ బండి!" అని సాగనంపుతాడట. పిల్లలు దానికి లూప్‌లైన్ రాజ్యం అని పేరు పెట్టారు.

ఇవన్నీ ఈశ్వరరావు చెబుతుంటే పార్వతి తల వంచుకుని కొట్లోని పరదా గుడ్డ అంచు కుట్టు చూస్తోంది. కుట్టు బాగోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నాన్నకి మాట పడిపోయింది కదా మావయ్యా," అంది చివరికి. "అది సరే. మాట పోయినోళ్ళు లోకంలో సానామంది ఉన్నారు. ఎడం సెయ్యి బాగానే ఆడతంది. ఆ సేత్తో మంచినీల్లు కూడా అడగటం నేదు. పెడితే తింతన్నారు, నేకపోతే నేదు. గోడకేసి తిరిగి తొంగుంటన్నారు. డాక్టరుబాబు ఇంక మందేటీ నేదన్నారు. ఆయన ఏదో ఒకటి నాకిది కావాలని ఒక్కపాలి అడిగితే సాలు. ఆ మేడ సూస్తే అడుగుతారేమో అని ఈశ్వరు అంతన్నాడు."

"అడుగుతాడమ్మా. నాను కట్టిన మేడ సూసి గవర్నరు గారే నోరెళ్ళబెట్టినారు," అన్నాను.

గవర్నరు కాదు. ఒకసారి పోస్టాఫీసు పెద్దాయన వచ్చి, ఆవులించాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు ఫ్రంట్ గీస్తాం. ఫ్రంట్ అంటే వీధిలోకి కనబడే ముఖం. జనం చూసేదీ, ఫోటో తీసుకునేదీ, బహుమతి ఇచ్చేవాళ్ళు మార్కులు వేసేదీ దానికే. వెనకాల అంతా వెదురు స్ట్రక్చర్, అంటే కోట అస్థిపంజరం. దాని మీద బాటం కొడతాం, అవి సన్నటి చెక్క పట్టీలు. వాటి మీద ప్లైవుడ్డో గుడ్డో. లోపల ఏ గదీ ఉండదు. గుడ్డ గోడల మధ్య ఒక దారి, చివర అమ్మవారు, ఇంకో పక్కనుంచి బయటికి దారి. ఎవరూ ఆగకూడదు. వాలంటీర్లు "చలూన్, చలూన్", అంటే నడవండి నడవండి, అని అరుస్తూ జనాన్ని నదిలా పారిస్తుంటారు. బయటినుంచి చూస్తే మహారాజు మేడ, లోపల చూస్తే గొట్టం. నలభై ఏళ్ళుగా నేను కట్టినవన్నీ గొట్టాలేనా అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

నిమ్‌పురా కమిటీకి కూడా అదే గీసి తీసుకెళ్ళాను. బురుజులు, గుమ్మటాలు, ఏనుగులు. యాభై అడుగుల ఎత్తు. (జెండా కర్ర కలుపుకుని. జెండా కర్ర తీసేస్తే ముప్ఫై. మా ఆవిడ ఇది వింటుంది కాబట్టి ఇరవై ఎనిమిది.)

కమిటీ గదిలో బొమ్మ పరిచాను. ముందుగా వంగి చూసినవాడు దేముడు. యార్డు గేటు దగ్గర టీ కొట్టు అతనిది.

"బాగుంది మావా. వంటిల్లేదీ?"

"కోటకి వంటిల్లేట్రా?"

"తాత మేడకి ముందు వంటిల్లే. వంటింట్లోంచే లోనికెల్లాల. వాకిట కాపలావోడు నీ పేరేటి, ఊరేటి అని అడగడు. తిన్నావా అని అడుగుతాడు. నేదంటే తినేదాకా లోనికి పంపడు."

"అదేం కాదు," అన్నాడు ఈశ్వరరావు. "ముందు ఉన్నది తప్పినోళ్ళ గది. పరీచ్చ తప్పినోళ్ళు, బండి తప్పినోళ్ళు, లెక్క తప్పినోళ్ళు అందులో కూకుంటారు. రాజుగారు వొచ్చి నానెక్కడెక్కడ తప్పినానో ఇనండ్రా అని ఆయన తప్పులు సెప్తాడు. పాసైనోడికి అందులోకి పర్మిషన్ నేదు."

"నీ బుర్ర. తాత అలాటి గది ఎప్పుడూ సెప్పనేదు."

"నీకు సెప్పనేదు. నాను మెట్రిక్ తప్పిన సాయంత్రం సెప్పినాడు."

రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసే రమణమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "మీరిద్దరూ తప్పే," అంది. "మేడకి ముందర కిటికీల గది. ఎవుల మీద బెంగ ఉంటే ఆలు ఆ కిటికీలోంచి అగుపిస్తారు. మాయమ్మ జబ్బుతో దూరం ఆసుపత్రిలో ఉండీది. నాకు తాత ఆ గది తప్ప మరోటి సెప్పనేదు."

కాసేపు ముగ్గురూ పోట్లాడుకున్నారు. దేముడు టీ గ్లాసు నేలకేసి కొట్టబోయి, అది తన కొట్టుదే అని గుర్తొచ్చి కింద పెట్టాడు. ఎవరి మేడ నిజం అన్నది వాళ్ళకు ఆస్తి తగువంత పెద్దది. నేను వింటూ కూర్చున్నాను. వినగా వినగా నాకు తెలిసింది ఏమిటంటే, దేముడి ఇంట్లో ఆ రోజుల్లో పొయ్యి రోజూ వెలిగేది కాదు. ఈశ్వరరావు తండ్రి బెల్టు తీసే మనిషి. రమణమ్మ తల్లి చాలాకాలం ఇంటికి రాలేదు. గున్నయ్య గారు ఏ బిడ్డకు ఏది లేదో చూసుకుని, మేడలో ఆ గది కట్టాడు. నేను గెడలు, గుడ్డ ఉంటే గానీ కట్టలేనివి ఆయన అరుగు మీద కూర్చుని బీడీ ఆరేలోపు కట్టేశాడు.

"నీకేటి గది సెప్పినాడమ్మా మీ నాన్న?" అని పార్వతిని అడిగాను.

ఆమె నవ్వేసింది. "నాకు కథలు తెలవవు మావయ్యా. అమ్మ పోయింది కదా, కథలు సెప్పే ఏళకి నాను వంటింట్లో ఉండీదాన్ని. నవ్వులు ఇనిపించీవి, అంతే. ఆల్ల గదులు కట్టండి, బాగుంటాయి."

అప్పుడు ఆ మాట నేను చెవిన పెట్టాను గానీ లోపలికి తీసుకోలేదు. ఫ్రంట్ గురించి ఆలోచిస్తున్నాను.

మూడు గదులూ కట్టాలని తీర్మానమయింది. అసలు చిక్కు అక్కడ మొదలయింది. నా మేస్త్రీ నిమాయ్ బొమ్మ చూసి తల పట్టుకున్నాడు. వెదురు కట్టడంలో వాడిని మించినవాడు జిల్లాలో లేడు. "దాదా, గది అంటే జనం ఆగుతారు. ఆగితే వెనక లైను మొత్తం జామ్. తొక్కిడి అవుతుంది. పోలీసు పర్మిషన్ ఇవ్వరు," అన్నాడు బెంగాలీలో. వాడు చెప్పింది ముమ్మాటికీ నిజం. పందిరిలో జనం ఆగడం కంటే ప్రమాదం నిప్పు ఒక్కటే.

దీనికి ఉపాయం నేను కనిపెట్టాను. దారిని ఆపకుండా మధ్యలో వెడల్పుగా సాగనిచ్చి, గదులను పక్కకు విడదీశాను. పోయేవాళ్ళు మెయిన్ లైనులో పోతారు. ఆగాలనుకున్నవాళ్ళు పక్క గదిలోకి తప్పుకుని, ఆగి, మళ్ళీ వచ్చి దారిలో కలుస్తారు. అచ్చం లూప్‌లైన్. నిమాయ్ నన్ను కౌగిలించుకున్నాడు. పోలీసు ఆయన బొమ్మ చూసి సరేనన్నాడు. ఈ ఉపాయం గురించి ఊళ్ళో చాలా చోట్ల మాట్లాడాను. మాట్లాడని విషయం ఏమిటంటే, అది చెప్పింది మా ఆవిడ. అన్నం వడ్డిస్తూ, "లూప్‌లైన్ రాజ్యం అంతన్నారు, లూప్‌లైన్ ఏదీ?" అంది. నేను చెయ్యి కూడా కడుక్కోకుండా పెన్సిలు అందుకున్నాను. పెన్సిలు అందుకోవడం మాత్రం నాదే.

ఖూంటీ పూజ చేసి మొదటి గెడ పాతాం. ఇది బెంగాలీల ఆచారం. మొదటి గెడకు పసుపు, సిందూరం పెట్టి మొక్కిన తర్వాతే పందిరి లేస్తుంది. ఆ గెడ ముట్టుకోవడానికి గున్నయ్య గారిని తీసుకొద్దామని ఆ పొద్దున పూజకు ముందే నేనూ ఈశ్వరరావూ వెళ్ళాం. చెప్పవలసింది చెప్పాం. ఆయన మమ్మల్ని చూసి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా గోడవైపు తిరిగిపోయాడు. పార్వతి మాకు టీ ఇస్తూ, "సూసినారు కదా," అంది. ఆ రెండు మాటలతో నా గొప్పలన్నీ ఆ పూటకు నోట్లోనే ఆగిపోయాయి.

వంటిల్లు మేడ వాకిట్లో కట్టాం. గుడ్డ పందిట్లో పొయ్యి పెట్టకూడదు కాబట్టి, భోగం, అంటే అమ్మవారికి పెట్టి పంచే కిచిడీ, మైదానం అవతల వండి గుండిగలతో అక్కడికి తెచ్చేలా ఏర్పాటు. కాపలావాడు దేముడే. తలపాగా చుట్టుకుని రెండు రోజులు "తిన్నావా?" అని రకరకాల గొంతులతో సాధన చేశాడు. తప్పినవాళ్ళ గదిలో మెత్తటి బెంచీలు వేశాం. కిటికీల గదికి మాత్రం నేను చాలా తన్నుకున్నాను. బెంగ ఉన్న మనిషిని కిటికీలో ఎక్కడినుంచి తెస్తాం? చివరికి కిటికీలు బయట లైనువైపు తెరిచాం. లోపల నిలబడినవాళ్ళకు వెనకబడిపోయిన తమవాళ్ళు గుంపులో నడిచి వస్తూ కనిపిస్తారు. రమణమ్మ ఒకసారి నిలబడి చూసి, "సరే," అంది. ఆమె సరే అంటే ఇంకొకరు దండ వేసినట్టు.

మేడ పరదాలన్నీ పార్వతే కుట్టింది. నా కొట్లో ఉన్న పాత పరదాల కుట్లు కూడా విప్పి మళ్ళీ కుట్టింది. తండ్రి మంచం పక్కన మిషను పెట్టుకుని, ఒక చెవి ఆయన మీద వేసి.

ఇక నా వంతు మిగిలింది దర్బారు హాలు. ప్రతి డెకరేటర్‌కూ ఒక పరువు వస్తువు ఉంటుంది. నాది సింహాసనం. కోల్‌కతా నుంచి తెచ్చాను. ఎర్ర మఖమల్, బంగారు రంగు, చేతులకు సింహం తలలు. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు అందులో కూర్చుంటే అత్తవారు కూడా కాసేపు నోరు మూసుకుంటారు. టేకుతో చేసింది అని చెబుతాను. మామిడి చెక్క. బరువు మాత్రం టేకుదే. అమ్మవారికి ఒక పక్కగా, హాలు నడిమధ్య ఎత్తు మీద దాన్ని నిలబెట్టి, దీపాలు పెట్టించి, దూరంగా నిలబడి చూసుకున్నాను. రాజు మేడకు సింహాసనం ఎక్కడ ఉంటుందని ఎవరిని అడగాలి? నలభై ఏళ్ళలో నేను ఎవరినీ అడగలేదు.

పూజ మొదలయ్యే షష్ఠి నాడు పొద్దున్నే, జనం రాకముందు, గున్నయ్య గారిని చక్రాల కుర్చీలో తెచ్చారు. తోసేవాడు ఈశ్వరరావు. పార్వతి వెంట ఉండాల్సింది, కానీ భోగం గుండిగలు వచ్చేస్తున్నాయి, ఆకుదొన్నెలు ఎవరూ సర్దలేదు. "మీరు పదండి, ఎవులో ఒకలు సూసుకోవాల కదా," అని వంటింట్లో ఆగిపోయింది.

"తిన్నావా తాతా?" అన్నాడు దేముడు తలపాగా సర్దుకుని.

గున్నయ్య గారు అతనివైపు చూశాడు. చూపు ఆగలేదు. తప్పినవాళ్ళ గది దగ్గర ఈశ్వరరావు కుర్చీ ఆపి, వంగి, "తాతా, నా గది," అన్నాడు. ఆయన కళ్ళు బెంచీల మీదుగా వెళ్ళిపోయాయి. కిటికీల గది దగ్గర రమణమ్మ ఒక కిటికీ తలుపు తెరిచి పట్టుకుంది. గాలి వచ్చింది. అంతే.

ఈశ్వరరావు మొహం చూడలేకపోయాను. ఒక ఊరి చిన్నతనం మొత్తం పేర్చి ముందు పెడితే, ఆ మనిషి రైలు కిటికీలోంచి చూసినట్టు చూస్తున్నాడు. సరే, ఇంకా నా దర్బారు ఉంది కదా అనుకున్నాను. ముందు నడిచి, చెయ్యి చాపి, నాటకం వాడిలా, "ఇదిగో బాబూ, లూప్‌లైన్ రాజుగారి సింహాసనం!" అన్నాను.

ఆయన చూపు ఆగింది.

నుదురు ముడిపడింది. గొంతులో ఏదో గరగరమంది. ఎడమ చెయ్యి ఒడిలోంచి లేచింది. లేచి, పక్కకు చాచుకుని, మణికట్టు దగ్గర విసురుగా ఊగింది. మళ్ళీ. మళ్ళీ.

"ఏటంతన్నాడు? నచ్చిందా?" అన్నాను నేను.

"నచ్చడమేటి మావా," అన్నాడు ఈశ్వరరావు. "షంటింగ్ సిగ్నలు అది. తియ్యమంతన్నాడు. ఎనక్కి!"

షంటింగ్ అంటే పెట్టెలను ఇంజనుతో ముందుకీ వెనక్కీ తోసి సరైన చోట నిలబెట్టడం. యార్డులో కేకలు వినపడవు కాబట్టి గార్డులు చేతి సైగలతోనే నడిపిస్తారు. నిమ్‌పురాలో పుట్టిన పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ సైగలు వస్తాయి. రమణమ్మ కూడా చదివేసింది. "తియ్యండి, తియ్యండి, అక్కడ కాదంతన్నారు!"

నా పరువు వస్తువు. దాన్ని నిమాయ్ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని ఎత్తు మీదనుంచి దింపాం. "కోథాయ్ రాఖ్‌బో, జెఠూ?" అని నిమాయ్ అడిగాడు, ఎక్కడ పెట్టమంటావు పెదనాన్నా అని. చెయ్యి ఊగింది. హాలు దాటాం. కిటికీల గది ముందు దించబోతే మళ్ళీ ఊగింది. తప్పినవాళ్ళ గది దాటాం. ఒకచోట నేను ఊపిరికి ఆగితే, ఆ ముసలాయన నావైపు చూసిన చూపు ఉంది చూశారూ, ఆలస్యం చేసిన డ్రైవర్ని గార్డు చూసే చూపు. మళ్ళీ ఎత్తాను. ఈశ్వరరావు చక్రాల కుర్చీ తోసుకుంటూ వెనకాలే వస్తున్నాడు. వచ్చినదారినే వెనక్కి, మేడ మొత్తం దాటి వాకిట్లోకి వచ్చాం. అప్పుడు చెయ్యి నిటారుగా పైకి లేచి నిలబడిపోయింది. ఆ సైగ నాక్కూడా తెలుసు. ఆపు.

వంటింటి మధ్య. ఎదురుగా పార్వతి, చేతిలో గరిటె.

"ఏటైంది? ఏటి నాన్నా, ఏటి కావాలి?" అని పరుగెత్తుకొచ్చింది. ఆయన సింహాసనం మీద చెయ్యి వేసి తట్టాడు. "కూకుంటావా? ఉండు, పట్టుకోండి కాస్త," అని చంకల కింద చెయ్యి వెయ్యబోయింది. ఆయన ఆమె చెయ్యి తోసేశాడు. మళ్ళీ మఖమల్ మీద తట్టాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ తట్టాడు.

మాకందరికీ అర్థమయింది. ఆమెకే కాలేదు.

"నిన్నే కూకోమంతన్నారు," అంది రమణమ్మ.

"నన్నా? నాకు పనుంది. దొన్నెలు ఇంకా..."

ఆ చెయ్యి తట్టడం ఆపలేదు. పార్వతి గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని, కొసకు, దిగిపోవడానికి వీలుగా కూర్చుంది. ఆయన అరచేత్తో ఆమె భుజాన్ని వెనక్కి నెట్టాడు. వీపు ఆనేదాకా నెట్టాడు. అప్పుడు చెయ్యి దించి ఒడిలో పెట్టుకున్నాడు.

దేముడు తలపాగా తీసేసి, సాధన చేసిన గొంతులన్నీ మరిచిపోయి, మామూలుగా అడిగాడు.

"తిన్నావా, పార్వతీ?"

"నేదు," అంది ఆమె. "పొద్దుట్నుంచీ నేదు." ఆ మాట అన్నాక గాని ఆమెకు ఏడుపు రాలేదు.

మొదటి దొన్నె ఆమెకే వడ్డించాం. అమ్మవారికి నైవేద్యం అయిందా లేదా అని పురోహితుడు గునిసాడు. రమణమ్మ ఆయన్ని తప్పినవాళ్ళ గదిలో కూర్చోబెట్టింది.

ఆ రాజ్యంలో సింహాసనం మొదటినుంచీ వంటింట్లోనే ఉందా, లేక ఆయన ఆ పొద్దుటే అక్కడ వేయించాడా, మాకు తెలియదు. దేముడు ఉందంటాడు. ఈశ్వరరావు లేదంటాడు. అడిగితే గున్నయ్య గారు ఇద్దరినీ చూసి ఊరుకుంటాడు. పూజ నాలుగు రోజులూ అది అక్కడే ఉంది. పార్వతి లేచినప్పుడల్లా ఎవరో ఒక అలిసిన ఆడమనిషి అందులో కూర్చునేది, ఫోటో కోసం కాదు, మోకాళ్ళు పట్టుకుని. మొదటి బహుమతి మలంచా వాళ్ళకు వచ్చింది. మాకు రెండోది వచ్చింది. అంటే, మాకు బహుమతి రాలేదు. "పాల్గొన్నందుకు" అని ఒక కప్పు ఇచ్చారు. దాన్ని కొట్లో ఎత్తుగా పెట్టాను, రాసింది చదవడానికి వీల్లేనంత ఎత్తుగా.

గున్నయ్య గారికి మాట రాలేదు. కానీ అడగడం వచ్చింది. టీ చల్లారితే చెయ్యి ఊపుతాడు, ఫ్యాను ఆగితే ఊపుతాడు, పార్వతి ఎక్కువసేపు మిషను ముందు వంగితే మరీ గట్టిగా ఊపుతాడు. బజార్లో కనబడినప్పుడు పార్వతి నన్ను తిడుతుంది. "నీ మూలాన్నే మావయ్యా, పొద్దత్తమానం సిగ్నల్లే!" ఆ తిట్టు నాకు వచ్చిన బహుమతుల్లో మొదటిది. దీన్ని కొట్లో పెట్టుకోలేను, అదే బాధ.

ఆ సింహాసనం కావాలనే తప్పు చోట పెట్టానని, ముసలాయనకు కోపం వస్తే చెయ్యి లేస్తుందని ముందే ఊహించానని చాలామందికి చెప్పాను. నిమ్‌పురాలో ఇప్పటికీ సగం మంది నమ్ముతారు. కాదు. నాకు తెలిసిన చోట, అందరూ పెట్టే చోట, గర్వంగా పెట్టాను. ఆ తప్పు లేకపోతే ఆయన నా మేడ మొత్తం దాటి మళ్ళీ గోడవైపు తిరిగిపోయేవాడు. నేను పనిగట్టుకుని సరిగ్గా చేసిన మూడు గదులు చేయలేని పని, ఆలోచించకుండా చేసిన తప్పు చేసింది. దాన్ని పాఠం అనాలో అదృష్టం అనాలో నాకు తెలియదు గానీ, ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. మేడ ఎలా కనబడాలి అని అడిగితే ఎవరైనా రాజస్థాన్ బొమ్మ తెస్తారు. అందులో ఎవరు కూర్చోవాలి అని అడగాలి.

అందుకని ఇప్పుడు పెళ్ళి పందిరి ఒప్పుకుంటే, స్టేజీ ఎక్కడ అని అడగను. "ముందు మీ వంటిల్లు చూపించండి, అందులో ఎవరున్నారో చూడాలి," అంటాను. ముసలివాడు తిండి కోసం అడుగుతున్నాడని వాళ్ళు నవ్వుకుంటారు. అదీ పూర్తిగా అబద్ధం కాదు. తింటూ చూస్తాను. పొద్దుటినుంచి ఒక్కసారైనా కూర్చోని మనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. పెళ్ళికూతురు స్టేజీ ఎక్కేలోపు నేనూ నిమాయ్ ఆ సింహాసనాన్ని ముందు ఆ వంటింటికి మోస్తాం.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. స్కూటర్ల దగ్గర నవ్వింది, గవర్నరు దగ్గర తల కొట్టుకుంది. పార్వతి కూర్చున్న చోట ఏమైనా తగ్గించమంటావా అని అడిగాను.

"అక్కడ నువ్వేటీ కలపనేదు," అంది. "ఉండనీ."